అర్ధవాహకంపై లోహం జారినప్పుడు: ఘర్షణ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సిలికాన్, జెర్మేనియం, గాలియం ఆర్సెనైడ్, సిలికాన్ కార్బైడ్ వంటి పదార్థాలను మనం ఎక్కువగా వాటి విద్యుత్ ధర్మాల కోసమే చదువుకుంటాం. వాటి మీద లోహపు మొన ఒకటి జారితే ఎంత బలం ఎదురవుతుంది, ఏది అరుగుతుంది, అర్ధవాహకంలోని ఎలక్ట్రాన్లకు ఆ ఘర్షణలో ఏమైనా పాత్ర ఉందా అన్న ప్రశ్నలు భౌతికశాస్త్ర విద్యార్థులు, ప్రయోగశాలల్లో పనిచేసేవారు తరచూ అడుగుతుంటారు. ఈ విషయంలో అందరినీ ఆకర్షించేది ఎలక్ట్రాన్ల పాత్రే. అయితే ఉపరితలం మీద ఏ పొర ఉందో తెలియకుండా ఎలక్ట్రాన్ల గురించి మాట్లాడితే దారి తప్పుతామని నా గట్టి అభిప్రాయం. అందుకే ఈ సమాధానాలు ఉపరితలంతో మొదలై, ఆ తరువాతే ఎలక్ట్రాన్ల దగ్గరకు వెళతాయి.

లోహం మీద లోహం జారడానికీ, అర్ధవాహకం మీద లోహం జారడానికీ తేడా ఏమిటి?

తేడా పరమాణువుల మధ్య ఉండే బంధాల్లోనే మొదలవుతుంది. లోహంలో ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడి ఉండవు కాబట్టి ఒక పరమాణు వరుస పక్క వరుస మీదుగా జరిగినా బంధం మళ్ళీ ఏర్పడుతుంది. లోహాలు సాగడానికి, నలగడానికి, వంగడానికి కారణం ఇదే. సిలికాన్‌లో ప్రతి పరమాణువు నాలుగు పొరుగు పరమాణువులతో నిర్ణీతమైన దిశల్లో సమయోజనీయ బంధాలు ఏర్పరచుకుంటుంది. ఆ దిశ తప్పితే బంధం వంగి సర్దుకోదు, తెగిపోతుంది. అందువల్ల గది ఉష్ణోగ్రత వద్ద సిలికాన్ గట్టిగానూ, పెళుసుగానూ ఉంటుంది.

రెండో తేడా స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల సంఖ్యలో ఉంది. లోహంలో ఘనసెంటీమీటరుకు దాదాపు 10²² నుంచి 10²³ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి. సిలికాన్‌లో డోపింగ్‌ను, అంటే కావాలని కలిపే పరాయి పరమాణువుల మోతాదును బట్టి ఆవేశ వాహకాల సంఖ్య 10¹⁴ నుంచి 10²⁰ వరకు మారుతుంది. పరమాణువుల అమరికనూ, కాఠిన్యాన్నీ దాదాపుగా కదపకుండా వాహకాల సంఖ్యను లక్షల రెట్లు మార్చగలిగే అవకాశం అర్ధవాహకాలలోనే ఉంది. ఘర్షణలో ఎలక్ట్రాన్ల వాటా ఎంతో తేల్చుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి పదార్థాలు లేవు.

ఒక లోహపు ముక్కను సిలికాన్ పలక మీద పెడితే అవి నిజంగా ఎంత మేర తాకుతాయి?

కంటికి కనిపించే వైశాల్యంలో అతి చిన్న భాగం మాత్రమే తాకుతుంది. ఎంత నునుపుగా మెరుగుపెట్టిన లోహమైనా పరమాణు స్థాయిలో ఎగుడుదిగుళ్ళతోనే ఉంటుంది కాబట్టి అత్యంత ఎత్తైన మిట్టలే ముందుగా ఎదుటి తలాన్ని తాకి, ఆ ఒత్తిడికి నలిగి, భారాన్ని మోయగలిగినంత వైశాల్యం ఏర్పడేదాకా చదునవుతాయి. 20వ శతాబ్దం మధ్యలో కేంబ్రిడ్జ్‌లో బౌడెన్, టేబర్ ఈ చిత్రాన్ని స్పష్టంగా నిలబెట్టారు. నిజస్పర్శ వైశాల్యం అంటే మోపిన బలాన్ని మెత్తని పదార్థపు కాఠిన్యంతో భాగించగా వచ్చే విలువ అన్నది వారి లెక్క.

ఒక ఉదాహరణ చూద్దాం. మెత్తని అల్యూమినియం కాఠిన్యాన్ని సుమారు 0.3 గిగాపాస్కల్ అనుకుంటే, 1 న్యూటన్ బలంతో దానిని సిలికాన్ మీద నొక్కినప్పుడు నిజస్పర్శ వైశాల్యం సుమారు 0.003 చదరపు మిల్లీమీటర్లు. ఆ అల్యూమినియం ముక్క అడుగు భాగం ఒక చదరపు సెంటీమీటరు ఉందనుకుంటే, అందులో ముప్పై వేల వంతు మాత్రమే నిజంగా తాకుతోందన్నమాట. బలాన్ని రెట్టింపు చేస్తే ఈ వైశాల్యమూ రెట్టింపవుతుంది. ఘర్షణ బలం అభిలంబ బలానికి అనులోమానుపాతంలో ఉంటుందని 1699లో అమోంటన్స్ చెప్పిన నియమానికి వెనుక ఉన్న కారణం చాలా సందర్భాల్లో ఇదే.

సిలికాన్ గట్టిది, లోహం మెత్తనిది. అయితే సిలికాన్ చెక్కుచెదరకుండా ఉంటుందా?

సాధారణంగా లోహమే ఓడిపోతుంది, కానీ ఎప్పుడూ కాదు. స్పర్శ బిందువుల వద్ద రెండు పదార్థాలూ బంధించుకున్న తరువాత జారుడు కొనసాగాలంటే ఏదో ఒకచోట తెగాలి. సరిహద్దు బంధం లోహం లోపలి బంధం కంటే బలహీనమైతే సరిహద్దు వద్దే విడిపోయి రెండు తలాలూ శుభ్రంగా మిగులుతాయి. సరిహద్దు బంధం ఎక్కువ బలమైనదైతే తెగేది లోహం లోపల. అప్పుడు లోహపు పలుచని పూత అర్ధవాహకం మీద మిగిలిపోతుంది, మరుసటి సారి అదే జాడలో లోహం లోహం మీదే జారుతుంది. ఈ బదిలీ మొదలైన తరువాత కొలిచిన ఘర్షణ అర్ధవాహకానికి చెందినది కాదని చాలామంది గుర్తించరు. మొదటి పరుగుకూ, నూరవ పరుగుకూ ఘర్షణ గుణకం వేరుగా రావడానికి తరచుగా కారణం ఇదే.

సిలికాన్ ఓడిపోయే సందర్భాలూ ఉన్నాయి. జారే మొన వెనుక భాగంలో ఉపరితలం సాగుడు ప్రతిబలానికి లోనవుతుంది. పెళుసు పదార్థం నొక్కుడును తట్టుకున్నంతగా సాగుడును తట్టుకోలేదు కాబట్టి బలం పెరిగినప్పుడు మొన వెనుక చంద్రవంక ఆకారపు పగుళ్ళు వరుసగా ఏర్పడతాయి. వాటి నుంచి రాలిన గట్టి రేణువులు లోహంలో దిగబడి, ఆకురాయిలా తిరిగి సిలికాన్‌నే గీకుతాయి.

ఏ లోహానికి ఘర్షణ ఎక్కువ? దీనికి ఏమైనా క్రమం ఉందా?

శుభ్రమైన ఉపరితలాల విషయంలో ఉంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఉన్న నాసా లూయిస్ పరిశోధన కేంద్రంలో, అంటే నేటి గ్లెన్ కేంద్రంలో, డొనాల్డ్ బక్లీ, కజుహిసా మియోషీ 1970, 80 దశకాల్లో ఈ ప్రశ్న మీద ఎంతో ఓపికగా పనిచేశారు. అత్యున్నత శూన్యంలో ఉపరితలాలను అయాన్ల తాకిడితో శుభ్రం చేసి, సిలికాన్ కార్బైడ్ స్ఫటికం మీద రకరకాల శుద్ధ లోహాలను జార్చి చూశారు. వారికి కనిపించిన క్రమం ఇది: రసాయనికంగా చురుకైన లోహాలకు ఘర్షణ ఎక్కువ, చురుకుదనం తక్కువైన వాటికి ఘర్షణ తక్కువ. టైటానియం, అల్యూమినియం ఎక్కువ ఘర్షణ వైపున, టంగ్‌స్టన్, రీనియం, రోడియం తక్కువ వైపున నిలిచాయి. పరివర్తన లోహాల విషయంలో లైనస్ పౌలింగ్ లెక్కగట్టిన డి-బంధ స్వభావం శాతంతో, అంటే లోహ బంధాల్లో డి-ఎలక్ట్రాన్ల వాటాతో ఈ క్రమం చక్కగా పొసిగింది. ఆ శాతం తక్కువైనకొద్దీ లోహం ఎదుటి పదార్థంతో బంధించుకోవడానికి ఎక్కువ సిద్ధంగా ఉంటుంది. పరీక్షించిన లోహాలన్నీ ఏదో ఒక మేర సిలికాన్ కార్బైడ్ మీదకు బదిలీ కావడం కూడా వారు గమనించారు.

ఇదే రసాయనశాస్త్రం పలుచని పూతలు వేసే ప్రయోగశాలల్లో రోజూ పని చేస్తూ కనిపిస్తుంది. ఆక్సైడు పొర ఉన్న సిలికాన్ మీద బంగారం నేరుగా నిలవదు, టేపు అంటించి లాగితే ఊడి వచ్చేస్తుంది. అందుకే కింద కొన్ని నానోమీటర్ల టైటానియం గానీ క్రోమియం గానీ వేస్తారు. ఆక్సిజన్‌తో బలంగా బంధించుకునే లోహం గట్టిగా అంటుకుంటుంది. గట్టిగా అంటుకునేదాన్ని జార్చడానికి ఎక్కువ బలం కావాలి.

అయితే మామూలు గాలిలో ఈ క్రమం ఎందుకు కనిపించదు?

గాలిలో ఉన్న సిలికాన్ మీద 1 నుంచి 2 నానోమీటర్ల మందాన సహజమైన ఆక్సైడు పొర ఉంటుంది. దాని మీద నీటి అణువుల పొర, ఆపైన గాలిలోని సేంద్రియ పదార్థాల మకిలి చేరతాయి. లోహం మీద కూడా దాని సొంత ఆక్సైడు ఉంటుంది. మెల్లగా, తక్కువ బలంతో జార్చినప్పుడు సిలికాన్, లోహం అసలు ఒకదానినొకటి తాకనే తాకవు, జారేది ఒక ఆక్సైడు మరొక ఆక్సైడు మీద. బలం పెరిగి ఆ పొరలు చిరిగినప్పుడే అసలు పదార్థాలు బయటపడతాయి, అప్పుడు ఘర్షణ ఒక్కసారిగా పెరుగుతుంది, జారుడు కూడా ఆగి ఆగి సాగుతుంది.

తేమ పాత్ర రెండు రకాలుగా ఉంటుంది. నీరు అంటుకునే ఆక్సైడు తలం మీద మొన చుట్టూ సన్నని నీటి వంతెన ఏర్పడి, కేశనాళికా బలం వల్ల మొనను కిందికి లాగుతుంది. మనం మోపిన బలం అతి తక్కువైనప్పుడు ఈ అదనపు బలమే ఫలితాన్ని శాసిస్తుంది. మరోవైపు అదే నీరు తెగిన బంధాలను తృప్తిపరచి, లోహం అంటుకోకుండా అడ్డుపడుతుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచి ఆక్సైడును తీసేసిన సిలికాన్ మీద హైడ్రోజన్ పరమాణువులు కొంతసేపు కాపలా ఉంటాయి, ఆ తలం నీటిని వికర్షిస్తుంది. మెల్లగా ఆక్సైడు మళ్ళీ పెరుగుతుంది. కాబట్టి ఆమ్లంలో ముంచిన వెంటనే కొలిచిన విలువనూ, మరునాడు కొలిచిన విలువనూ పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు.

సిలికాన్ మీద ఉక్కు, సిలికాన్ మీద రాగి వంటి జతలకు ఘర్షణ గుణకం ఎంత? ఒక పట్టిక ఇవ్వగలరా?

ఇవ్వకపోవడమే మంచిది. గాలిలో, కందెన లేకుండా చాలా జతలకు 0.2 నుంచి 0.6 మధ్య విలువలు వస్తుంటాయి. శూన్యంలో శుభ్రం చేసిన తలాలకు అంతకంటే ఎక్కువ రావచ్చు. ఆక్సైడు మందం, తేమ, వేగం, మొన వ్యాసార్ధం, ఎన్నవ పరుగు అన్నవి చెప్పకుండా రెండు దశాంశ స్థానాల దాకా రాసిన సంఖ్య చదివేవారికి లేనిపోని నమ్మకం కలిగిస్తుంది.

సిలికాన్ పెళుసైనదైతే, కొన్నిసార్లు దాని మీద పగుళ్ళు లేని నునుపైన గాడి ఎలా పడుతుంది?

అర్ధవాహకాలలో నాకు అన్నింటికంటే అందంగా తోచే విషయం ఇది. సిలికాన్ మీద స్థానికంగా 11 నుంచి 12 గిగాపాస్కల్ పీడనం పడినప్పుడు దాని వజ్రపు అమరిక కూలిపోయి, తెల్ల తగరం అమరికకు మారుతుంది. ఆ రూపం లోహంలా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, లోహంలాగే ప్లాస్టిక్ విరూపణకు లోనై ప్రవహిస్తుంది. పీడనం తొలగగానే అది పాత రూపానికి తిరిగి వెళ్ళదు. ఎంత వేగంగా పీడనం తగ్గిందన్నదాన్ని బట్టి అస్ఫటిక సిలికాన్‌గానో, వేరే స్ఫటిక రూపాలుగానో మిగిలిపోతుంది. వజ్రపు పనిముట్టుతో సిలికాన్, జెర్మేనియం కటకాలను పగుళ్ళు లేకుండా చెక్కగలగడానికి ఈ స్వభావమే ఆధారం.

లోహపు మొన విషయంలో ఒక పరిమితి ఉంది. స్పర్శ పీడనం మెత్తని పదార్థపు కాఠిన్యాన్ని దాటలేదు కాబట్టి అల్యూమినియం, రాగి, బంగారం వంటివి సిలికాన్‌ను ఈ మార్పు దాకా నెట్టలేవు. టంగ్‌స్టన్ కార్బైడ్ వంటి గట్టి పదార్థంతో చేసిన మొనకు మాత్రమే అది సాధ్యం.

స్ఫటిక తలం, దిశ మారితే ఘర్షణ మారుతుందా?

మారుతుంది. సిలికాన్ సహజంగా చీలేది స్ఫటిక పరిభాషలో 111 అని పిలిచే తలాల వెంబడి. వాటికి సమాంతరంగా లేదా వంపుగా మొన ఎటు జారుతోందన్నదాన్ని బట్టి పగుళ్ళ రూపమూ, ఎదురయ్యే బలమూ మారతాయి. శుభ్రమైన తలాల మీద, పరమాణువులు దగ్గర దగ్గరగా ఉన్న తలంలో వాటి వరుస వెంబడి జార్చినప్పుడు ఘర్షణ తక్కువగా ఉండడం చాలా పదార్థాల్లో కనిపించింది. గాలిలోని సిలికాన్ మీద ఉండే ఆక్సైడు అస్ఫటికం కాబట్టి తక్కువ బలాల దగ్గర ఈ దిశాభేదం మరుగున పడిపోతుంది.

డోపింగ్ మారిస్తే ఘర్షణ మారుతుందా? పి-రకానికీ ఎన్-రకానికీ తేడా ఉందా?

ఈ పేజీకి ఎక్కువమందిని తీసుకువచ్చే ప్రశ్న ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఎన్-రకంలో విద్యుత్తును ప్రధానంగా మోసేవి ఎలక్ట్రాన్లు, పి-రకంలో మోసేవి రంధ్రాలు, అంటే ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు.

కంటికి కనిపించే పరిమాణంలో, అంటే గ్రాముల భారంతో, మిల్లీమీటర్ల మొనతో చేసే పరీక్షల్లో డోపింగ్ ప్రభావాన్ని వేరు చేసి చూడటం చాలా కష్టం. అక్కడ లోహపు విరూపణ, బదిలీ, పగుళ్ళు, మకిలి అన్నీ కలిసి ఎలక్ట్రాన్ల వాటాను కప్పేస్తాయి. 1986లో బిన్నిగ్, క్వేట్, గెర్బర్ అతి సన్నని మొనతో ఉపరితలాన్ని తడిమి చూసే పరమాణు బల సూక్ష్మదర్శినిని ప్రకటించిన తరువాత, 1987లో ఐబీఎం అల్మడెన్ ప్రయోగశాలలో గ్రాఫైట్ మీద టంగ్‌స్టన్ మొన జారుతుండగా పరమాణు స్థాయిలో ఘర్షణను కొలిచారు. నానోమీటర్ల మొనతో, నానోన్యూటన్ల బలంతో, ఉపరితలాన్ని చెడగొట్టకుండా కొలవడం అప్పటి నుంచే సాధ్యమైంది.

ఆ పరికరంతో 2006లో లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో జియాంగ్ యంగ్ పార్క్, మిక్వెల్ సాల్మెరాన్, వారి సహచరులు చేసిన ప్రయోగం ఈ రంగంలో మైలురాయి. దాదాపు డోపింగ్ లేనిదనదగిన ఎన్-రకం సిలికాన్ పలకలో 2 మైక్రోమీటర్ల వెడల్పున పి-రకం చారలు వచ్చేలా బోరాన్‌తో గాఢంగా డోపింగ్ చేశారు. విద్యుద్వాహకమైన టైటానియం నైట్రైడ్ పూత వేసిన మొనను ఆ చారల మీదుగా అడ్డంగా జార్చారు. ఒకే పలక, ఒకే ఆక్సైడు, ఒకే మొన, ఒకే గాడిలో మారేది వాహకాల రకం, సంఖ్య మాత్రమే. ఇంత చక్కని పోలిక వేరే విధంగా దొరకదు. వోల్టేజీ పెద్దగా లేనప్పుడు రెండు ప్రాంతాల మధ్య ఘర్షణలో తేడా కనిపించలేదు. పలకకు మొనతో పోలిస్తే సుమారు 4 వోల్టుల ధన వోల్టేజీ ఇచ్చినప్పుడు మాత్రం పి-రకం చారల మీద ఘర్షణ స్పష్టంగా పెరిగింది. ఆ వోల్టేజీ వద్ద పి-ప్రాంతంలో రంధ్రాలు ఉపరితలం దగ్గర పోగుపడతాయి, ఎన్-ప్రాంతంలో మాత్రం ఎలక్ట్రాన్లు వెనక్కి తగ్గి, వాహకాలు దాదాపు లేని లేమి పొర ఏర్పడుతుంది.

కాబట్టి సమాధానం: డోపింగ్ దానంతటదే ఘర్షణను మార్చినట్లు ఆ ప్రయోగం చూపలేదు. డోపింగ్, వోల్టేజీ కలిసి స్పర్శ బిందువు కింద వాహకాలను పోగుచేసినప్పుడు ఘర్షణ పెరిగింది.

అంటే ఘర్షణలో పోయిన శక్తిని ఎలక్ట్రాన్లే తీసుకుపోతున్నాయా?

అలా ఊహించడం సహజమే. జారే మొన స్ఫటికాన్ని కంపింపజేస్తుంది. ఆ కంపనాల శక్తి సిలికాన్‌లో అత్యధికంగా 0.064 ఎలక్ట్రాన్ వోల్టు మాత్రమే. లోహంలో ఎలక్ట్రాన్లు ఎంత చిన్న శక్తినైనా గ్రహించగలవు. సిలికాన్‌లో సంయోజకత పట్టీ నుంచి వహన పట్టీకి ఎగరాలంటే 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి (దీన్నే శక్తి అంతరం అంటారు), అంత శక్తి ఒక్క కంపనంలో దొరకదు. అప్పటికే స్వేచ్ఛగా ఉన్న వాహకాలు మాత్రమే ఆ చిన్న శక్తులను తీసుకోగలవు కాబట్టి వాహకాలు పెరిగితే ఘర్షణ పెరగాలన్న తర్కం పైకి చాలా బలంగా కనిపిస్తుంది.

అయితే 2008లో అదే ప్రయోగశాల బృందం ప్లాటినం పూత మొనతో ఎన్-రకం గాలియం ఆర్సెనైడ్ మీద చేసిన కొలతలు వేరే వివరణ వైపు చూపాయి. ఆ పలక మీద దాదాపు 1 నానోమీటరు ఆక్సైడు ఉంది. పురోబయాస్‌లో, అంటే వోల్టేజీ వాహకాలను ఉపరితలం దగ్గర పోగుచేసే దిశలో ఉన్నప్పుడు ఘర్షణ పెరిగింది, దానికి వ్యతిరేకమైన తిరోబయాస్‌లో పెరగలేదు. ఆక్సైడులో చిక్కుకున్న ఆవేశాలు మొనను ఆకర్షించే స్థిర విద్యుద్బలంతో ఆ పెరుగుదలను వారు పరిమాణాత్మకంగా వివరించగలిగారు. అంటే ఎలక్ట్రాన్లు నేరుగా శక్తిని మింగినందువల్ల కాకుండా, పొరలో చిక్కుకున్న ఆవేశం మొనను ఇంకాస్త గట్టిగా లాగినందువల్ల ఘర్షణ పెరిగిందని అర్థం. ఎలక్ట్రాన్ల గురించి అడిగిన ప్రశ్నకు జవాబు మళ్ళీ ఆక్సైడు పొరలోనే దొరికింది. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే విద్యార్థులు మొదట ఈ రెండు ప్రయోగాలనూ కలిపి చదవాలని నేను కోరుకుంటాను.

ఎలక్ట్రాన్లు నేరుగా శక్తిని తీసుకునే ఘర్షణ ప్రకృతిలో ఉందా అంటే, ఉంది. సీసం, నయోబియం వంటి లోహాలు అతివాహక స్థితికి చేరినప్పుడు వాటి మీద ఘర్షణ తగ్గుతుందని కొలతలు చూపాయి. అతివాహక స్థితిలో ఎలక్ట్రాన్లు చిన్న శక్తులను గ్రహించలేవు కాబట్టి ఆ తగ్గుదలను ఎలక్ట్రాన్ల వాటాగా లెక్కించవచ్చు.

వోల్టేజీ ఇచ్చి ఘర్షణను తగ్గించే బేరింగులు, బ్రేకులు చేయవచ్చా?

పెద్ద యంత్రాలకు ఇప్పటికి ఈ ప్రభావం పనికిరాదు. లక్షలాది మిట్టలు ఒకేసారి తాకే చోట ఆక్సైడు చిరిగి, ప్రవాహం పారి, వేడెక్కి, ఆ సున్నితమైన తేడా చెదిరిపోతుంది. నానోస్థాయి కదిలే భాగాల్లో దీన్ని వాడుకోవచ్చన్న ఆశ మాత్రం సమంజసమైనదే.

లోహం అర్ధవాహకం మీద జారుతుంటే విద్యుత్తు పుడుతుందని విన్నాం. అది నిజమేనా?

నిజమే, పైగా అది ఏకముఖ విద్యుత్తు. లోహమూ అర్ధవాహకమూ కలిసిన చోట ఎలక్ట్రాన్లు దాటవలసిన షాట్కీ అవరోధం అనే శక్తి గోడ ఏర్పడి, అర్ధవాహకం వైపు లేమి పొర, అందులో సహజంగానే ఒక విద్యుత్ క్షేత్రం ఉంటాయి. సిలికాన్‌లో డోపింగ్ ఘనసెంటీమీటరుకు 10¹⁶ ఉంటే ఆ పొర వెడల్పు సుమారు 0.3 మైక్రోమీటరు, 10¹⁹ ఉంటే సుమారు 10 నానోమీటర్లు. జారుడు వల్ల ఆ ప్రాంతంలో ఎలక్ట్రాన్, రంధ్రం జంటలు పుడితే, సౌరఘటంలో జరిగినట్లే ఆ క్షేత్రం వాటిని చెరో వైపుకు లాగి ఒకే దిశలో ప్రవాహాన్ని నడుపుతుంది. జాంగ్ లిన్ వాంగ్ 2019లో దీనికి ట్రైబోవోల్టాయిక్ ప్రభావం అన్న పేరును ప్రతిపాదించారు.

అంతకు ముందు 2018లో థామస్ థుండత్ అనే శాస్త్రవేత్త బృందం మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే అర్ధవాహకపు పొరల మీద లోహపు నానోమొనను జార్చి చదరపు మీటరుకు 10 లక్షల ఆంపియర్ల సాంద్రతను నమోదు చేసింది. ఈ సంఖ్యను జాగ్రత్తగా చదవాలి. 30 నానోమీటర్ల వెడల్పు, అంతే పొడవు ఉన్న స్పర్శలో ఆ సాంద్రతకు వచ్చే ప్రవాహం దాదాపు ఒక నానో ఆంపియరు మాత్రమే. వార్తల్లో సాంద్రతను చూసి ఇంటికి కరెంటు వస్తుందనుకోవడం తొందరపాటవుతుంది.

ఆ జంటలు పుట్టడానికి శక్తి ఎక్కడిదన్న దాని మీద చర్చ ఇంకా ముగియలేదు. స్పర్శలో కొత్త బంధాలు ఏర్పడినప్పుడు విడుదలయ్యే శక్తి అని ఒక వాదన. ఘర్షణ వేడి వల్ల పుట్టే ఉష్ణవిద్యుత్తుకు కూడా వాటా ఉందని మరొక వాదన. వేగం, పీడనం, ఉష్ణోగ్రత విడివిడిగా మార్చి కొలిచినప్పుడే ఈ వాటాలు తేలుతాయి.

భారతదేశంలో లోహం, అర్ధవాహకం స్పర్శ మీద పనిచేసినవారు ఉన్నారా?

ఈ కథలో అత్యంత తొలి పుటల్లోనే ఉన్నారు. 1874లో జర్మనీలో ఫెర్డినాండ్ బ్రౌన్ లోహపు మొనతో సల్ఫైడు ఖనిజాలను తాకినప్పుడు విద్యుత్తు ఒక దిశలో సులువుగా, మరో దిశలో కష్టంగా పారడం గమనించారు. కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ విద్యుదయస్కాంత తరంగాలను పట్టుకోవడానికి సీసపు ఖనిజమైన గెలీనా మీద లోహపు స్పర్శను వాడారు. ఆ సాధనానికి 1901లో దరఖాస్తు చేయగా 1904లో అమెరికా పేటెంటు లభించింది. తరువాతి కాలపు క్రిస్టల్ రేడియోలలో సన్నని లోహపు తీగను ఖనిజం మీద మెల్లగా జరుపుతూ, ధ్వని బాగా వినిపించే చుక్క కోసం వెతికేవారు. తీగ మొన ఎంత గట్టిగా నొక్కుతోంది, కింద ఆక్సైడు ఉందా, మొన జారిపోయిందా అన్నవే వినికిడిని నిర్ణయించేవి.

మాలిబ్డినం డైసల్ఫైడ్ కూడా అర్ధవాహకమే కదా, మరి అది కందెనగా ఎలా పనిచేస్తుంది?

దాని పొరల లోపలి బంధాలు బలమైనవి, పొరకూ పొరకూ మధ్య ఉన్న ఆకర్షణ బలహీనమైనది. లోహం దాని మీద జారగానే కొన్ని పొరలు ఊడి లోహానికి అంటుకుంటాయి, ఆపై జారుడు ఆ పొరల మధ్యే జరుగుతుంది. శూన్యంలో దాని ఘర్షణ గుణకం 0.05 కంటే తక్కువ. 1993లో ఫ్రాన్సులోని లియోన్‌లో అత్యంత శుభ్రమైన పూత మీద 0.001 స్థాయి విలువలు కూడా కొలిచారు. తేమ గాలిలో అది 0.1 దాటిపోతుంది. అందుకే ఉపగ్రహాల కదిలే భాగాలకు ఇది మంచి కందెన, వానాకాలంలో మన వర్క్‌షాపులో అంత మంచిది కాదు. దాని శక్తి అంతరం సిలికాన్‌కు దగ్గరగానే ఉన్నా ఘర్షణ మాత్రం శూన్యంలో ఎంతో తక్కువ కావడాన్ని గమనిస్తే, ఘర్షణను ముందుగా నిర్ణయించేది బంధాల అమరికేనని అర్థమవుతుంది.

సిలికాన్ వేఫర్‌ను (చిప్పులు తయారుచేసే పలుచని పలకను) స్టీలు పట్టకారుతో పట్టుకుంటే నష్టమేమిటి?

పట్టకారు కొన జారిన చోట అంచు చిట్లవచ్చు. అంతకంటే పెద్ద నష్టం కంటికి కనిపించదు. పైన చెప్పిన బదిలీ వల్ల ఇనుము, నికెల్ వంటి లోహాలు వేఫర్ మీద మిగిలి, తరువాత కొలిమిలో పెట్టినప్పుడు సిలికాన్ లోపలికి వేగంగా వ్యాపించి, శక్తి అంతరం మధ్యలో స్థాయిలు ఏర్పరచి, వాహకాల ఆయుష్షును తగ్గించేస్తాయి. రాగి అయితే గది ఉష్ణోగ్రత వద్ద కూడా సిలికాన్‌లో కదలగలదు. కొలిమికి వెళ్ళే వేఫర్లకు ప్లాస్టిక్ కొనల పట్టకార్లు గానీ, గాలిని పీల్చి పట్టుకునే వాక్యూమ్ సాధనం గానీ వాడాలి.

రుద్దడం వల్ల మేలు జరిగే సందర్భాలు లేవా?

ఉన్నాయి. ప్రయోగశాలలో సిలికాన్‌కు త్వరగా ఓమిక్ స్పర్శ, అంటే రెండు దిశల్లోనూ విద్యుత్తు సులువుగా పారే స్పర్శ కావాలంటే గాలియం, ఇండియం మిశ్రమాన్ని పూసి, వజ్రపు కొనతో గీకుతూ రుద్దుతారు. రుద్దడం వల్ల ఆక్సైడు చిరిగి, ద్రవ లోహం తాజా సిలికాన్‌ను తాకుతుంది. చిప్పులకు సన్నని తీగలు అతికించే యంత్రాలు అతిధ్వని కంపనాలతో తీగను చిప్పు మీది లోహపు ప్యాడ్ మీద రుద్ది ఆక్సైడును తొలగించి, వేడి ఎక్కువ లేకుండానే బంధం ఏర్పరుస్తాయి. చిన్న సిలికాన్ యంత్రాల విషయంలో అమెరికాలోని శాండియా ప్రయోగశాలల వారు పాలీసిలికాన్ భాగాల మీద పలుచని టంగ్‌స్టన్ పూత వేసి అరుగుదలను బాగా తగ్గించగలిగారు.

మా కళాశాల ప్రయోగశాలలో ఈ ఘర్షణను కొలవాలనుకుంటున్నాం. ఏమేమి నమోదు చేయాలి?

పరికరం సామాన్యమైనదైనా ఫరవాలేదు, నమోదు శ్రద్ధగా ఉండాలి. సిలికాన్ విషయంలో తలం, జారే దిశ, పి-రకమా ఎన్-రకమా, నిరోధకత, ఆక్సైడును తీశారా, తీస్తే ఎంతసేపటి తరువాత కొలిచారు అన్నవి రాయాలి. లోహం విషయంలో శుద్ధత, మొన వ్యాసార్ధం, మెరుగుపెట్టిన తీరు రాయాలి. బలం, వేగం, గదిలో తేమ, ఉష్ణోగ్రత రాయాలి. గది వెలుతురు కూడా రాయండి, ఎందుకంటే కాంతి పడితే సిలికాన్‌లో వాహకాలు పుడతాయి. వోల్టేజీ ఇస్తూ కొలిచేవారు చీకటిలో ఒకసారి, వెలుతురులో ఒకసారి కొలిచి చూడాలి.

మొదటి పరుగు విలువను సగటులో కలపకుండా విడిగా ఉంచండి, శుభ్రమైన స్పర్శ గురించి ఏదైనా చెప్పగలిగేది అదొక్కటే. ప్రతి పరుగు తరువాత జాడను సూక్ష్మదర్శినిలో చూసి, లోహం బదిలీ అయిందా, పగుళ్ళు వచ్చాయా అన్నది గుర్తించండి. పి-రకానికీ ఎన్-రకానికీ తేడా కనిపిస్తే సంతోషించే ముందు రెండు పలకలనూ ఒకే పాత్రలో, ఒకేసారి, ఒకే ఆమ్లంతో శుభ్రం చేసి మళ్ళీ కొలవండి. గాఢంగా డోపింగ్ చేసిన సిలికాన్ మీద ఆక్సైడు పెరిగే వేగం కూడా వేరుగా ఉంటుంది కాబట్టి, వీలైతే కాంతితో పలుచని పొరల మందాన్ని కొలిచే ఎలిప్సోమీటరుతో రెండింటి మీదా ఆక్సైడు మందం కొలిచి, ఆ సంఖ్యలను ఘర్షణ విలువల పక్కనే రాయండి.